ఎర్రచుక్క పుస్తకంలో ఏడో పేజీ

సంపూర్ణమ్మ టీచర్ బడి తాళం తీశాక మొట్టమొదట చేసే పని చీపురు పట్టుకోవడం. గదులు ఊడవడానికి ఆయమ్మ వేరే ఉంది. ఈ చీపురు జానెడు ఉంటుంది, ఇనప బీరువాలో ఓ మూల నిలబెట్టి ఉంటుంది. బీరువా తలుపు తియ్యగానే అడుగు అరలో రాత్రికి రాత్రి రాలిన అక్షరాలు నల్లజీలకర్ర ఒలికినట్టు కనిపిస్తాయి. వాటిని పాత క్యాలెండర్ అట్ట మీదికి ఎత్తి, పెరట్లో మందార మొక్క మొదట్లో పోసి, చేతులు కడుక్కుని, అప్పుడు ప్రార్థన గంట కొట్టిస్తుంది.

ఆ బీరువాలో ఉన్నవన్నీ పిల్లలు చదువుకునే చిన్న చిన్న పుస్తకాలు. కథలు కావు. కప్ప ఎలా పుడుతుంది, ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది, మన ఊళ్ళో ఎవరు ఏ పని చేస్తారు, ఇలా ఉన్నది ఉన్నట్టు చెప్పే పుస్తకాలు. అట్ట మీది రంగు చుక్కే స్థాయికి గుర్తు. ఎర్రచుక్క అంటే పేజీకో ఫొటో, కింద మూడు నాలుగు మాటలు. పసుపుచుక్కలో రెండు వాక్యాలు. ఆకుపచ్చలో ఓ పేరా. నీలంచుక్క చదివేసిన పిల్లకి ఇక పేపరు చేతికిచ్చినా ఫరవాలేదు. కొన్ని పుస్తకాలు పైనుంచి వచ్చాయి. కొన్ని సంపూర్ణమ్మే తయారుచేసింది. నాలుగేళ్ళ కిందట రాజమండ్రిలో ఐదు రోజుల ట్రైనింగుకి వెళ్ళొచ్చి, ఆ ఊపు తగ్గకముందే ఫోనుతో గోదావరి మధ్యనున్న చిలకల్లంక ఊరంతా తిరిగి ఫొటోలు తీసింది. వాటిని ప్రింటు వేయించి, కింద తన గుండ్రటి దస్తూరీతో రాసి, సూదీ దారంతో కుట్టింది.

పైనుంచి వచ్చినవాటితో పేచీ లేదు. కప్ప పుస్తకంలోంచి ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం రాలలేదు. కప్పలకి మాట మార్చే అలవాటు లేదు. చిక్కంతా మనుషుల పుస్తకాలతోనే. రాసిన మాట నిజం కాకుండా పోయిన రోజున ఆ వాక్యం కాగితాన్ని వదిలేసి కింద పడుతుంది. 'మన లంకకి మూడు వీధులు' అన్న వాక్యం పోయిన వరదకి రాలింది. గోదావరి గట్టుతోపాటు ఏడిళ్ళనీ కోసుకుపోయాక లంకకి మిగిలింది రెండు వీధులే. 'బంగార్రాజు తాత కొబ్బరిచెట్టు ఎక్కుతాడు' అన్నది ఓ సోమవారం ఊడ్చి ఎత్తాకే తాతకి తుంటి విరిగిన సంగతి బడికి తెలిసింది. కాళ్ళ కింద మట్టే నిలవని ఊళ్ళో అక్షరాలు రాలడం ఎవరికీ వింతగా తోచలేదు.

భయం మాత్రం ఒకటుండేది. రాసిన చెయ్యి ఇంకా కాగితం మీద ఉండగానే రాలిపోతే ఇంటికి అరిష్టమని నమ్మకం. అందుకే ఎవరూ అవసరానికి మించి రాయనిచ్చేవారు కాదు. "కొంచెమే రాయండి టీచర్ గారూ. నిలిచేది రాయండి, చాలు" అని ఫొటో తీస్తున్నప్పుడే బతిమాలేవారు. సంపూర్ణమ్మకీ అదే బాగుండేది. ఎర్రచుక్కకి నాలుగు మాటలు దాటకూడదని ట్రైనింగులో చెప్పారు కూడాను.

'మన ఊరి పనులు' అన్న ఎర్రచుక్క పుస్తకంలో ఏడో పేజీ పావనిది. ఫొటోలో ఆమె రాట్నం దగ్గర నిలబడి కొబ్బరి పీచు తాడు పేనుతూ, ఎవరో ఏదో అంటే నవ్వుతోంది. కింద 'పావని తాడు పేనుతుంది' అని ఉండేది. రెండేళ్ళ కిందట పావని మస్కట్ విమానం ఎక్కింది. ఆ మర్నాడే ఆ మూడు మాటలూ క్యాలెండర్ అట్ట మీదికి వచ్చాయి. ఆ ఖాళీలో సంపూర్ణమ్మ 'పావని మస్కట్‌లో వంట చేస్తుంది' అని రాసింది. అది నిలిచింది.

మొదటి ఏడాది శుక్రవారం శుక్రవారం ఫోన్ వచ్చేది. తర్వాత నెలకోసారి వచ్చింది. ఆ తర్వాత అదీ లేదు. ఎనిమిది నెలలైంది. పావని భర్త అశోక్ భీమవరం అవతల రొయ్యల చెరువుకి కాపలా ఉంటాడు. ఓ ఆదివారం రేవు దిగి తిన్నగా సంపూర్ణమ్మ దగ్గరికొచ్చాడు.

"ఏజెంటు ఫోన్ ఎత్తట్లేదండి. కంప్లయింటు ఇద్దామనుకుంటున్నానండి. మీరు కాస్త రాసిపెడతారేమోనని..."

"పేజీ చూశావా?"

"చూశానండి. ఉందండి."

"మరింకేంటి! అక్షరం చెదరలేదంటే బానే ఉన్నట్టు కదా. ఆ ఇంటివాళ్ళు ఫోన్ ఇవ్వరేమో. నువ్విక్కడ కేసంటూ తిరిగితే అక్కడ ఆ పిల్ల పనికే ముప్పు."

అశోక్ తల ఊపి వెళ్ళిపోయాడు. చదువుకున్న మనిషి చెప్పింది గదా అనుకున్నాడు. ఆ రోజునుంచి పావని కబురు ఎవరడిగినా ఇంట్లోవాళ్ళు "పేజీ ఉందండి" అనేవారు. అడిగినవాళ్ళు "అయితే ఏం బెంగలేదు" అని సాగిపోయేవారు.

పావని కూతురు నాగదుర్గ మూడో తరగతి. అమ్మమ్మ చిట్టెమ్మ దగ్గర ఉంటోంది. బుద్ధిమంతురాలే గాని చదువు ఎక్కడం లేదని సంపూర్ణమ్మ దిగులు. తోటివాళ్ళంతా ఆకుపచ్చకి వెళ్ళిపోయినా ఆ పిల్ల ఎర్రచుక్క దగ్గరే ఉండిపోయింది. ఒకటో తరగతి పిల్లల వరసలో, వాళ్ళకన్నా ఓ తల ఎత్తుగా, మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. నెలనెలా పరీక్షలో వేలు పెట్టి "ప... డ... వ" అని కూడబలుక్కునేది. సాయంత్రం ఎవరి రంగు పుస్తకం వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఈ పిల్ల ఏడాదిగా ఒకే పుస్తకం తీసుకెళుతోంది. "మీ పిల్లకి బుర్రకెక్కట్లేదు చిట్టెమ్మా" అని సంపూర్ణమ్మ చెప్పేసింది కూడా. 

కార్తీకమాసంలో ఓ సాయంత్రం ఇంటికెళ్ళడానికి సంపూర్ణమ్మ రేవు దగ్గర పడవ కోసం నిలబడింది. అక్కడే చిట్టెమ్మ పుణుగుల బడ్డీ. బడ్డీ వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది.

"రొయ్యల ధర మళ్ళీ పడిపోవడంతో ఆక్వా రైతులు ఆందోళన చెందుతున్నారు. మేత ధరలు తగ్గించకపోతే వచ్చే సీజనుకి పంట విరామం ప్రకటిస్తామని..."

ఎక్కడా ఆగడం లేదు, తడబడడం లేదు. సంపూర్ణమ్మ పక్కకి వెళ్ళి చూసింది. పుణుగులు పొట్లం కట్టే పేపరు ముక్క ఒళ్ళో పరుచుకుని, నూనె మరకల మధ్యనుంచి నాగదుర్గ అమ్మమ్మకి చదివి వినిపిస్తోంది. టీచర్ని చూడగానే పిల్ల నోరు టక్కున మూతపడింది.

"ఎప్పట్నించే ఇది?" అంది సంపూర్ణమ్మ.

పిల్ల తలొంచుకుంది. చిట్టెమ్మే అందుకుంది. "కోప్పడకండి టీచర్ గారూ. రెండో తరగతి నించే వచ్చండి. పైచుక్కకి పంపేస్తే ఎర్రచుక్క పుస్తకం ఇంటికివ్వరంట గదండీ. సాయంత్రం వాళ్ళమ్మ పేజీ చూడందే ముద్ద దిగదండి దానికి. నాకూ అంతేనండి."

సంపూర్ణమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. తను పెట్టిన రూలు పిల్లని ఏడాదిపాటు మొద్దుగా కూర్చోబెట్టింది. బుర్రకెక్కట్లేదని అమ్మమ్మతో అంది కూడా. "ఆ పుస్తకం నువ్వే ఉంచేసుకో దుర్గా. తిరిగివ్వక్కర్లేదు. రేపట్నించి ఆకుపచ్చలో కూర్చో" అంది. పిల్ల నమ్మలేనట్టు అమ్మమ్మ వైపు చూసింది.

ఆకుపచ్చ పిల్లలు చదవడంతోపాటు సొంతంగా రాయాలి. 'నా వాళ్ళు' అని తెల్లకాగితాల పుస్తకం ఒకటి ఇస్తారు. ఇంట్లో ఒకరి గురించి ఏడు వాక్యాలు, అన్నీ నిజాలే. మిగతావాళ్ళు ఇంట్లో ఎదురుగా ఉన్నవాళ్ళ గురించి రాసుకున్నారు కాబట్టి ఏ గొడవా లేకపోయింది. నాగదుర్గ వాళ్ళమ్మ గురించి మొదలుపెట్టింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సంపూర్ణమ్మ వరండాలోకి వచ్చేసరికి ఆ పిల్ల ఒళ్ళో గౌను నిండా అక్షరాలున్నాయి. రాస్తోంది, రాలుతున్నాయి, దులుపుకుని మళ్ళీ రాస్తోంది. అరిష్టమన్న మాట ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఏం రాస్తున్నావే?"

"ఏడు కావాలి గదా టీచర్. ఎంతకీ నిలబడట్లేదు."

సంపూర్ణమ్మ వంగి చూసింది. 'మా అమ్మ పేరు పావని. మా అమ్మ మస్కట్‌లో వంట చేస్తుంది.' ఆ రెండూ నిలిచాయి. మూడోది 'మా అమ్మ మూడు పూటలా అన్నం తింటుంది' అని రాసింది. చెయ్యి తీసేలోపే రాలింది. 'రెండు పూటలా' అని రాసింది. అదీ రాలింది. పిల్ల కాసేపు పెన్సిలు కొరుక్కుని 'ఒక పూట' అని రాసింది. అది కదలలేదు.

'మా అమ్మ ఫోన్ పాడైపోయింది' అన్నది రాలింది. 'మా అమ్మ ఫోన్ వాళ్ళు లాక్కున్నారు' అన్నది నిలిచింది. 'మంచం మీద పడుకుంటుంది' రాలింది. 'వంటింట్లో నేల మీద పడుకుంటుంది' నిలిచింది. 'సాయంత్రం బయట తిరుగుతుంది' రాలింది. 'బయటనించి తాళం వేస్తారు' నిలిచింది.

సంపూర్ణమ్మ పిల్లని ఆపలేదు. ఒక్కో వాక్యం దగ్గరా రాలాలి, ఇదైనా రాలాలి అని మనసులో దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది. అక్షరాలు రాలితే బాగుండునని ఆమె కోరుకున్న రోజు అదొక్కటే.

"ఆరయ్యాయి టీచర్. ఇంకోటి చాలు. అమ్మ ఏడుస్తుంది అని రాయనా?"

"వద్దు, వద్దమ్మా, ఇంకేదైనా..."

పిల్ల అప్పటికే రాసేసింది. ఇద్దరూ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు. లోపల ఒకటో తరగతి వాళ్ళు ఎక్కాలు అప్పజెపుతున్నారు. ఆ వాక్యం ఎక్కడిదక్కడే ఉంది.

ఏడో పేజీలో నాలుగు మాటలు నిజమే చెప్పాయి. మిగతాది చెప్పడానికి ఆ పేజీలో చోటు లేదు. ఆ చోటు ఇవ్వనిది తనే. కంప్లయింటు ఇస్తానన్న పావని మొగుణ్ణి ఆపిందీ తనే. ఈ ఆలోచన వచ్చాక సంపూర్ణమ్మ గంట కొట్టించకుండానే పిల్లల్ని ఇళ్ళకి పంపేసింది. అశోక్‌కి ఫోన్ చేసి "సోమవారం అమలాపురం వెళ్దాం. నేనూ వస్తాను" అంది. అవతల అశోక్ "పేజీ రాలిపోయిందాండీ?" అని కంగారుపడ్డాడు. "లేదయ్యా. నిలిచే ఉంది. అదే వచ్చిన చిక్కు" అని పెట్టేసింది.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. గల్ఫ్ కేసులు చూసే గుమాస్తా సత్యప్రసాద్ పాస్‌పోర్టు జిరాక్సు తీసుకుని, అద్దాలు పైకి తోసి అడిగాడు.

"ఫోనే లేదంటున్నారు. తాళం వేస్తున్నారని మీకెలా తెలిసిందండీ?"

సంపూర్ణమ్మ ఆకుపచ్చచుక్క పుస్తకం తీసి అతని ముందు పెట్టింది. అతను చదివి, పుస్తకాన్ని తిరగేసి టేబుల్ మీద రెండుసార్లు కొట్టాడు. ఏమీ రాలలేదు. "లంక బడిదా" అన్నాడు. ఆ పేజీకి జిరాక్సు తీయించి, అర్జీకి జతచేసి, ముద్ర వేశాడు.

పని జరగడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో అమలాపురానికి ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. మాఘమాసంలో ఓ పొద్దున చిట్టెమ్మ రొమ్ము బాదుకుంటూ బడికి పరుగెత్తుకొచ్చింది. ఏడో పేజీ ఖాళీ అయిందట. నాగదుర్గ మాత్రం కంగారు పడకుండా తన పుస్తకం తెచ్చి, ఒక వాక్యం రాసింది. 'మా అమ్మ ఆ ఇంట్లో లేదు.' ఆ కిందే ఇంకోటి రాసింది. 'మా అమ్మ బతికే ఉంది.' రెండూ నిలిచాయి. అది చూశాక చిట్టెమ్మ వరండాలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పది రోజులకి పావని పడవ దిగింది. మనిషి సగమైంది. కుడిచెయ్యి మణికట్టునుంచి మోచేతిదాకా కాలి, చర్మం ముడతపడి ఉంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడో రోజు మధ్యాహ్నం కూతురి చెయ్యి పట్టుకుని బడికొచ్చింది. పిల్ల లోపలికి వెళ్ళి నీలంచుక్క వరసలో కూర్చుంది. పావని వరండాలోనే నిలబడిపోయింది.

"లోపలికి రామ్మా" అంది సంపూర్ణమ్మ.

"ఫరవాలేదండి. ఒక మాట అడుగుదామనండి." ఆమె గొంతులో కోపం లేదు. దానికే సంపూర్ణమ్మకి భయం వేసింది. "మొదట్లో రోజూ అనుకునేదాన్నండి. ఫోన్ ఆగిపోయింది గదా, మావాళ్ళకి అనుమానం వస్తుంది, ఎవరో ఒకర్ని పంపిస్తారని. తలుపు చప్పుడైతే మావాళ్ళేనేమో అనుకునేదాన్ని. ఎవరూ రాలేదేంటండీ అన్నాళ్ళు?"

అబద్ధం చెప్పడానికి సంపూర్ణమ్మకి మనసు రాలేదు.

"పుస్తకంలో నీ మాట నిలిచే ఉందమ్మా. అది చూసి బానే ఉన్నావనుకున్నాం. అశోక్ వెళ్తానన్నాడు. నేనే వద్దన్నాను."

పావనికి చదువు రాదు. ఆమె గుమ్మంలోంచి లోపల కూతురి పుస్తకాల వైపు చూసింది.

"ఏమని ఉండేదండి అందులో?"

"పావని మస్కట్‌లో వంట చేస్తుంది అని."

పావని ఇంకేదో వస్తుందని కాసేపు ఎదురుచూసింది.

"అంతేనా అండీ?"

"అంతేనమ్మా" అంది సంపూర్ణమ్మ.