బరువెక్కిన చేట

నేను ఒక చేటను. చేటగా ఉండేదాన్ని అనాలి. ఇప్పుడు సుంకులమ్మ ఇంటి వెనక, అంట్లు తోమే చోట, కొబ్బరి చిప్పలో పిడికెడు బూడిదగా ఉన్నాను. అయినా చేటగా బతికిన బతుకును చేటగానే చెప్పుకోవాలి కదా.

నల్లమలలో ఒక వాగు ఒడ్డున వెదురుగా పుట్టాను. ఒక మేదరామె నన్ను చీల్చి, అల్లి, సంతకు తెచ్చింది. బియ్యం చెరుగుతూ, మధ్యాహ్నం పూట గోడకు ఆనుకుని కునుకు తీస్తూ బతుకుతాననుకున్నాను. సుంకులమ్మ నన్ను కొన్నది మట్టి చెరగడానికి.

ఆమె ఊరి పక్కన ఎప్పుడో మూతబడిన బంగారు గని ఉంది. గనివాళ్లు తవ్వి పారబోసిన ఎర్రమట్టి దిబ్బలు ఇంకా ఉన్నాయి. ఏరున్న చోట మట్టిని కడిగి బంగారం తీస్తారట. ఇక్కడ తాగే నీళ్లే గుట్ట దాటి బిందెతో తెచ్చుకోవాలి. అందుకని గాలితోనే పని. భర్త బజారప్ప మట్టి తవ్వి, ఎండబెట్టి, గడ్డలు చితగ్గొట్టి, జల్లెడ పట్టి ఇస్తాడు. సుంకులమ్మ గాలివాటం చూసుకుని నన్ను ఎగరేస్తుంది. దుమ్ము పోతుంది, బరువున్నది నిలుస్తుంది. నిలిచేది నల్ల ఇసుక. అందులో అదృష్టం బాగుంటే నూక ముక్కంత బంగారం. మనుషులు దుమ్ము తిని బంగారం తీస్తారు, ఆ బంగారం అమ్మి బియ్యం కొనుక్కుంటారు. మధ్యలో ఈ తిరుగుడు ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

సుంకులమ్మకు ముక్కుపుడక లేదు. పెళ్లినాటి పుడకను ఒక కరువు ఏడాది అమ్ముకున్నారు. కన్నం పూడిపోకుండా చీపురుపుల్ల ముక్క గుచ్చుకుంది. "చెరిగేది బంగారం, ముక్కున ఉండేది చీపురుపుల్ల" అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. ఈసారి దొరికింది పుడకకు దాచుకుంటానని ఆమె అన్నప్పుడల్లా బజారప్ప, "ముక్కు యాడికీ పోదులే. ముందు కడుపు సంగతి చూడల్ల" అనేవాడు. అతని తప్పూ లేదు, కడుపు ఆగదు కదా.

ఇక నా సంగతి. ఏటా ఉగాది ముందు ఆమె పేడలో నానిన మెంతిపిండి కలిపి నాకు పూత పూసేది. బియ్యం చేటకు అందరూ చేసే పనే. కానీ నా వెదురు ఈనెల సందుల్లో ఇరుక్కున్న సన్న బంగారు పొడి ఆ పూత కింద పడి గట్టిపడేది. మరుసటి ఏడు దాని మీద మళ్లీ పూత. ఆమెకు తెలియదు, నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, చేటకు నోరుందా? నేను బరువెక్కుతుంటే ఆమె, "రెట్టల్లో సత్తవ తగ్గుతాంది" అనుకుని భుజాలకు ఆముదం రాసుకునేది. పాపం అనిపించేది.

చివరికి నా అంచు తెగింది. ఆ వారమే బంగారం కొనే చిదంబరప్ప వచ్చాడు. ఉక్కగా ఉందని నన్ను తీసుకుని విసురుకోబోయి ఆగాడు. చేతిలో రెండుసార్లు ఎత్తి చూశాడు. గోటితో కొంచెం గీకాడు.

"ఈ పాత చేట నాకియ్యి సుంకులమ్మా. కొత్తది కొనిస్తా."

"పాతది నీకేంటికి సామీ?"

"ఊరికేలే. ఇంట్లో పిండి పోసుకోనీకి."

"అంచు తెగిండాది. పిండి నిలుస్తాదా?"

"సరే, రెండు కొనిస్తాలే."

అక్కడే చెడగొట్టుకున్నాడు. ఒక్కదానితో ఆగి ఉంటే నేను అతని సంచిలో పోయేదాన్ని. తూకంలో గురిగింజంత కూడా వదలని మనిషి తెగిన చేటకు రెండు చేటలు ఇస్తానంటే ఎవరికైనా అనుమానం రాదా? సుంకులమ్మ నన్ను మెల్లగా లాక్కుని, "ఆలోచన చేసి చెప్తా సామీ" అంది.

అతను పోయాక పక్కింటి చేట అడిగి తెచ్చింది. దాన్నొక చేత, నన్నొక చేత పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత భుజం కింద తన రెట్ట నొక్కి చూసుకుని, "దీనికేం కాలేదు" అంది.

చేటను కాల్చకూడదు. లక్ష్మి అంటారు, కాలు తగిలినా కళ్లకద్దుకుంటారు. ఆమె కూడా కళ్లకద్దుకుని, "తల్లీ, ఇన్నేండ్లు నా సొమ్ము దాచిపెట్టినావు. ఇంగ ఇచ్చెయ్" అని నన్ను పొయ్యిలో పెట్టింది. బూడిదను పక్కింటి చేటలో చెరిగి, కిందపడ్డది అంట్లకు ఎత్తిపెట్టి, చేటలో మిగిలినదాన్ని ఆ పూట తాగే నీళ్లు పోసి కడిగింది. బంగారం కోసం ఆ ఇంట్లో అన్ని నీళ్లు పోయడం నేను ఎన్నడూ చూడలేదు. బజారప్పకు చెప్పలేదు. చెబితే బియ్యమైపోయేది. మరునాడు ఒక్కతే బస్సెక్కి పట్నం పోయి వచ్చింది.

వీధిలో ఆడవాళ్లు ఆమె ముక్కు చూడగానే కనిపెట్టారు. బజారప్పకు చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం తిన్న కంచం నా పక్కన పెడుతూ అడిగాడు.

"నీ ముక్కున పుల్ల యాడబోయె?"

"కాల్చేసినా."

అతను వంగి చూశాడు. "బాగుండాది" అన్నాడు.

ఆమె నాలోంచి చిటికెడు తీసుకుని కంచం తోముతూ నవ్వింది. ఈ నవ్వు నాకు నచ్చింది.