లోపలి గది చాలు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకి ఓడ మంచుగోడ ఎదుట ఆగింది. ఆ సమయానికి ఆమె మూడో అంతస్తులో, ప్రయాణికులు బట్టలు ఉతుక్కునే గదిలో ఉంది. మెషీన్‌లో అత్తగారి శాలువా, స్వెటర్, రాత్రి వేసుకునే బట్టలు తిరుగుతున్నాయి. ఆ గదికి కిటికీ లేదు.

అత్తగారు తెల్లవారాక వాంతి చేసుకున్నారు. సముద్రం తిప్పి కాదు. ముందురోజు నుంచీ ఓడ రెండు కొండల నడుమ చెరువులాంటి నీళ్ల మీదే వెళ్తోంది. రాత్రి భోజనంలో ఆవిడ ఐస్‌క్రీమ్ మూడు గిన్నెలు తిన్నారు. "వాళ్లు అంత ప్రేమగా ఇస్తుంటే వద్దంటే ఏం బాగుంటుందమ్మాయ్?" అన్నారు అప్పుడు. పొద్దున్న ఆమె ఫోన్ చేస్తే భర్త తన గదిలోంచి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు.

"నువ్వు అమ్మ సంగతి చూసి వచ్చెయ్. నేను పైకెళ్లి రెయిలింగ్ దగ్గర నీకు చోటు పట్టి ఉంచుతాను."

"పక్కన మీరుండి చూసుకుంటే నేను ముందు వెళ్తాను కదండీ."

"ఇవన్నీ నాకు చేతనవుతాయా? అమ్మకి కూడా మొహమాటంగా ఉంటుంది. ఎంతసేపు, పది నిమిషాల పని."

ఆ పది నిమిషాల పని గంటన్నర నుంచి నడుస్తోంది.

ఆమె ఒక ట్రావెల్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా చలి ప్రాంతాల ఓడయాత్రలు అమ్ముతోంది. ఆమె బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు డబ్బు సంగతి తర్వాత అడుగుతారు, ముందు భయాలు అడుగుతారు. అంత చలిలో ఓడెక్కి ఏం చేస్తాం, గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవడమే కదా? ఆమె చెబుతుంది: ఓడలు వెళ్లేది వేసవిలోనండి, అక్కడ వేసవి అంటే మన ఫ్రిజ్ తలుపు తీసినట్టుంటుంది, అంతే, గడ్డకట్టించే అర కాదు. ఒకదాని మీద ఒకటి మూడు పల్చని బట్టలు, పైన గాలి ఆగే కోటు చాలు. ముసలివాళ్లు వెళ్లే యాత్ర కదా? కాదండి, పోయినసారి చంటిపిల్లతో వెళ్లారు. సముద్రం తిప్పేస్తుందేమో? కొండల చాటున నీళ్లు కదలవండి. తెల్లటి మంచు తప్ప చూడ్డానికి ఏముంటుంది? మంచు నీలంగా ఉంటుందండి, తిమింగలాలు ఊపిరి వదిలితే ఓడ మీదకి వినిపిస్తుంది. ఇన్నీ చెప్పాక చివర్లో వాళ్లకి కొంచెం ఆదా చూపించడానికి ఒక మాట కలుపుతుంది: లోపలి గది చాలండి, కిటికీ ఎందుకు, రోజంతా డెక్ మీదే ఉంటారు, గదిలో ఎవరుంటారు?

అమ్మేది ఆమె. చూసొచ్చేది వేరేవాళ్లు. ఓడ కంపెనీ ఏటా ఆఫీసుకి ఒక సీటు ఉచితంగా ఇస్తుంది, అమ్మేవాళ్లు ఒకసారి చూసి రావాలని. "మీకు ఇల్లూ సంసారం ఉన్నాయి కదండీ, అన్నిరోజులు ఎలా కుదురుతుంది?" అని మేనేజరు ప్రతి ఏడూ ఆమె తరఫున తనే అనేవాడు. పోయిన ఏడు వెళ్లొచ్చిన పక్క బల్ల కుర్రవాడికి సైతం పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అతనికి ఇల్లూ సంసారం అడ్డం రాలేదు. తిరిగొచ్చాక తను చూసినదాని పేరేమిటో ఆమెనే అడిగి రిపోర్టు రాసుకున్నాడు. ఈ ఏడు ఆమె మేనేజరు గదిలోకి వెళ్లి, కూర్చోమనక ముందే కూర్చుని, నేను వెళ్తానండి అంది. సీటు ఆమెకి వచ్చింది. ఒక్కరికి.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు ఆమె గిన్నెలు తోముతోంది. "ఒక్కదానివే ఓడెక్కి ఏం చేస్తావ్? చలికి బిగుసుకుపోతావ్," అన్నాడు భర్త. తొమ్మిదేళ్ల అలవాటు, సబ్బు చేతులతోనే జవాబు చెప్పింది. ఫ్రిజ్ తలుపు దగ్గర మొదలుపెట్టి తిమింగలాల దాకా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. "ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదేం? నీ సీటు ఎలాగూ ఊరికే వస్తోంది, ఇంకో మూడు తీసుకుందాం. అమ్మా నాన్నా కూడా వస్తారు." అంత తేలిగ్గా ఆమె ఎవరికీ ఎప్పుడూ అమ్మలేదు.

రెండు గదులు తీసుకున్నారు. మామగారికి గాలాడకపోతే నిద్రపట్టదు, కాబట్టి మగవాళ్లిద్దరికీ బాల్కనీ ఉన్న గది. అత్తగారికి చలి పడదు, తోడు ఎవరో ఒకరు ఉండాలి, కాబట్టి ఆడవాళ్లకి లోపలి గది. ఆమె నోరు తెరవబోతే భర్త నవ్వాడు. "నువ్వే కదా అందరికీ చెప్పేది, లోపలి గది చాలని? గదిలో ఎవరుంటారు అంటావుగా."

ఓడెక్కిన ఐదు రోజుల్లో ఆ ప్రశ్నకి జవాబు తెలిసింది. అత్తగారికి పై అంతస్తు హాల్లో జనం మధ్య తినడం నచ్చదు, పాలూ రొట్టే పళ్లెంలో పెట్టుకుని తొమ్మిది అంతస్తులు దిగి రావాలి. నీలం మూత మందు పొద్దున్న, తెల్ల మూతది రాత్రి. మధ్యాహ్నం ఆవిడ పడుకుంటే లైటు ఆర్పాలి. ఆర్పితే ఆ గదిలో పగలో రాత్రో తెలియదు. "ఇంట్లోనే నయం, కనీసం వీధి కనిపించేది," అన్నారు అత్తగారు ఒకసారి చీకట్లో. వంట లేదు, అంట్లు లేవు, నీకింకేం కావాలి అని భర్త రోజూ అంటూనే ఉన్నాడు. ఆమె కూడా మొదటి రోజు అలాగే అనుకుంది. ఓడ మీద పని ఉండదని. అందరి భ్రమలూ తీర్చిన మనిషి, తన భ్రమ ఒకటి పెట్టెలో సర్దుకుని తెచ్చుకుంది.

బట్టల గదిలో ఆమె కాక ఇంకొకావిడ ఉంది. రిటైరైన నర్సు, ఒక్కతే వచ్చింది. మేజోళ్లు మడతపెట్టుకుంటోంది.

"మీరు పైకి వెళ్లలేదా అండీ?"

"ఇది నాలుగోసారమ్మా. అందరూ పైకెళ్లినప్పుడే ఇక్కడ మెషీన్లు ఖాళీగా దొరుకుతాయి. నువ్వెన్నోసారి?"

"మొదటిసారి."

నర్సు చేతులు ఆగాయి.

అప్పుడే ఏదో బరువైనది ఎక్కడో కూలినట్టు చప్పుడైంది. నేల కొంచెం అదిరింది. ఆమె మెషీన్ మూత మీద చెయ్యి వేసింది, బట్టలు ఒకపక్కకి చేరాయేమోనని.

"మెషీన్ కాదమ్మా. మంచు విరిగింది," అంది నర్సు. "వెళ్లు. ఇవి నేను ఆరబెట్టి తెస్తాను. గది నంబరు చెప్పి వెళ్లు."

నంబరు చెప్పి పరుగెత్తింది. దారిలో లోపలి గది తలుపు కొంచెం తెరిచి ఉంది. "అమ్మాయ్, నువ్వేనా? వేడినీళ్లు కాసిని." ఆగింది. ఆగకుండా ఉండడం ఆమె కాళ్లకి తెలియదు. నీళ్లు పోసి, తాగించి, మూతి తుడిచి, లిఫ్టు దగ్గరికి వెళ్లి బొత్తాం నొక్కింది. లిఫ్టు నిండుగా దిగింది. కోట్లు, బైనాక్యులర్లు, ఎర్రబడ్డ ముక్కులు. అందులో భర్తా మామగారూ ఉన్నారు.

"ఇప్పుడా వచ్చేది? ఓడ తిరిగేసింది," అన్నాడు భర్త. "ఎంతసేపు చూశానో నీకోసం. ఏం పరవాలేదులే, మొత్తం వీడియో తీశాను. తీరిగ్గా చూసుకో."

మధ్యాహ్నం అత్తగారి మంచం అంచున కూర్చుని చూసింది. మంచుగోడ అరచేతిలో సగం ఉంది. నీలంగానే ఉంది, ఆమె చెప్పినట్టే. వీడియో మొదలైన కాసేపటికి, ఇంకా ఏమీ విరగకముందు, ఎవరో అడిగారు: "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?"

భర్త గొంతు జవాబు చెప్పింది. "లేదు లేదు, రండి. మా ఆవిడకని పట్టాను కానీ, తను రాదులెండి. చలంటే భయం తనకి. గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుంది."

వీడియో మూలన సమయం తొమ్మిది పన్నెండు.

ఆమె వెనక్కి తిప్పి ఇంకోసారి వింది. "బాగుందా అమ్మాయ్? ఏదీ, నాకూ చూపించు," అన్నారు అత్తగారు. ఫోన్ ఆవిడ చేతికిచ్చింది.

సాయంత్రం స్పీకర్లో కెప్టెన్ మాట్లాడాడు. ఓడ మంచు ప్రాంతం దాటింది, తిరుగుదారిలో ఇక మంచు కనిపించదు, భోజనాలు మొదలయ్యాయి. ఆమె పళ్లెం కోసం పైకి వెళ్లి, హాల్లోకి తిరగకుండా రెండో వైపు బరువైన తలుపు తోసి డెక్ మీదకి వెళ్లింది. ఎవరూ లేరు. పొగమంచు. రెయిలింగ్ తడిగా ఉంది. కోటు గదిలోనే ఉంది, కొన్నప్పటి చీటీ కూడా తీయలేదు. ఇక్కడికి పంపినవాళ్ల ముఖాలు కొన్ని గుర్తొచ్చాయి. వాళ్లు ఫోన్ చేసి చెప్పేవాళ్లు, మీరు చెప్పినట్టే ఉందండీ అని. ఆమెకి ఎప్పుడూ ఆ మాట చాలేది.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఇక్కడున్నావా? అమ్మకి ఆకలేస్తోంది. ఏం చూస్తున్నావ్, ఏముందిక్కడ?"

"ఏమీ లేదు."

"మరి లోపలికి రా. చలికి చస్తావ్."

"నాకు చలంటే భయమని మీకెవరు చెప్పారండీ?"

"ఏదో మాటవరసకి అన్నా. దానికే ఇంత అలకా?"

"అలక కాదు. పాలూ రొట్టే కుడివైపు చివరి బల్ల మీద ఉంటాయి. తీసుకెళ్లండి."

ఆమె తిరగలేదు. తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రాత్రి అత్తగారికి భోజనం కొడుకు పెట్టాడు. రాత్రి మందు ఏ మూతదో అడగడానికి మళ్లీ డెక్ మీదకి వచ్చాడు. తెల్ల మూత, అని చెప్పింది. ఒకటా రెండా అని అడగడానికి ఇంకోసారి వచ్చాడు. ఈసారి తన కోటు తొడుక్కుని వచ్చాడు.