హెఫ్ట్ చీటీ మీద నా పొడి అక్షరాలు

ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా నడుముకు ఆనించుకుని, మూడంతస్తులు ఎక్కి, వంటింట్లో స్టాండు మీదికి ఎత్తుతుంటే మా ఆయన పేపరు దించకుండానే అన్నారు: "జాగ్రత్త, నీళ్లొలికితే అమ్మ జారి పడుతుంది."

"ఓ చెయ్యి వెయ్యొచ్చుగా."

"నీకలవాటేగా!"

"వాడికసలే నడుం నొప్పి అమ్మాయ్" అని గదిలోంచి అత్తగారు అందుకున్నారు. కిందటేడు ఈ ఇల్లు చూసినప్పుడే చెప్పాను, లిఫ్టు లేదండీ, ఆలోచించండి అని. "నీ మాట పట్టుకుంటే చెట్టు కింద కాపురం పెట్టాలి" అన్నారు మా ఆయన. మా ఇంట్లో పంపకాలు ఎప్పుడో అయిపోయాయి. బరువు నాకు, పరువు వాళ్లకు.

నేను పనిచేసేది నిఘంటువు ఆఫీసులో. ఇంగ్లిషు మాటలకు అర్థాలూ ఉదాహరణ వాక్యాలూ చీటీల మీద రాయడం నా పని. అక్కడో కట్టుబాటుంది. చీటీ రాసినవాళ్లు కింద మూలన తమ పొడి అక్షరాలు వేస్తే, వాళ్లని అడగకుండా సంపాదకుడైనా సరే అందులో ఒక్క ముక్క మార్చకూడదు. పుస్తకం మొదటి పేజీలో పేర్లు వేసేది కూడా ఆ పొడి అక్షరాలు చూసే. నేను చేరిన కొత్తలో మా సంపాదకుడు, అందరూ పెద్దాయన అంటారు, "మనమంతా ఒక కుటుంబం కదమ్మా, మనలో మనకి సంతకాలేమిటి?" అన్నారు. కుటుంబం అన్న మాట వినగానే పారిపోవలసింది. సంతకం లేని చాకిరీ ఇంట్లో అలవాటైనదాన్ని, తలూపాను. మిగతా నలుగురు మగవాళ్లూ ఆ కుటుంబంలో వాళ్లు కారేమో, వేస్తూనే ఉన్నారు. అలా పదకొండేళ్లు.

ఇవాళ సాయంత్రం హెచ్ అక్షరం ప్రెస్సుకి వెళ్లాలి. పొద్దున్నే పెద్దాయన 'హెఫ్ట్' అన్న ఇంగ్లిషు మాటకు నేను రాసిన చీటీ తిరిగిచ్చి, "దిద్దాను, శుభ్రంగా తిరగరాయమ్మా" అన్నారు. బరువు అన్న అర్థానికి నేను రాసింది, "ఆ పెట్టె బరువుకు అతని చేతులు లాగేశాయి." పలుకుబడి అన్న రెండో అర్థానికి, "ఆమె పలుకుబడి వల్లే కమిటీ ఒప్పుకుంది." ఎర్ర సిరాలో దిద్దుబాటు: "కాన్పు తర్వాత ఆమె బరువు పెరిగింది." "సంఘంలో అతని మాటకు బరువుంది." చేత్తో ఎత్తి బరువు చూడడం అన్న మూడో అర్థాన్ని ఏకంగా కొట్టేశారు. ఎవరు వాడతారట!

ఆయన దిద్దితే నేను తిరగరాసిన పాత చీటీలు బయటికి తీశాను. 'హెడ్' దగ్గర అతను, 'హెడేక్' దగ్గర ఆమె. 'హీరో'కి అతను, 'హిస్టీరియా'కి ఆమె. అన్నీ నేను రాసినవే, ఒక్కటీ నేను రాసినట్టు లేదు. పలుకుబడి! నాకు పలుకుంది, బడికీ వెళ్లాను, రెండూ కలిపితే మాత్రం ఎందుకు రాలేదో. పొద్దున డబ్బా ఎత్తిన భుజం ఇంకా సలుపుతోంది. కొత్త చీటీ తీసుకున్నాను.

"నీళ్ల డబ్బా బరువుకు అతని నడుము పట్టేసింది."

"ఇంట్లో ఆమె మాటకు బరువుంది కాబట్టి లిఫ్టు లేని ఇల్లు తీసుకోలేదు."

మూడో అర్థానికి, "మెట్లెక్కే ముందు ఆమె డబ్బాను ఒకసారి ఎత్తి చూసి, కింద పెట్టేసింది."

రాశాక చెయ్యి ఆగలేదు. మూలకు వెళ్లి నా రెండు పొడి అక్షరాలు వేసింది. వంకరగా వచ్చాయి. పదకొండేళ్లు వాడకపోతే ఏ అక్షరమైనా అంతే. చీటీని ప్రెస్సు ట్రేలో పడేశాను.

అరగంటకు పెద్దాయన దాన్ని పట్టుకుని, తన గది వదిలి, నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఏంటమ్మా ఇది? ఇంటి గొడవలన్నీ నిఘంటువులోనా?"

"వాడుక సార్. రోజూ వాడుకలో ఉన్నదే."

"చాల్లే" అంటూ ఎర్ర కలం మూత తీశారు. కలం చీటీ మీదికి వంగింది. మూలన ఉన్న అక్షరాలు కనబడ్డాయి కాబోలు, అక్కడే గాల్లో నిలబడిపోయింది. నలుగురు మగవాళ్లూ తలలెత్తారు. పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"రెండు మాటలు మారుస్తానమ్మా... సరేనా?"

పదకొండేళ్లలో ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి.

"వద్దు సార్" అన్నాను.