ఎడమవైపు రావట్లేదు

టేబులు మీద పాత దుప్పటి పరిచి దాని మీద ల్యాప్‌టాప్‌ను బోర్లా పడుకోబెట్టాడు మేస్త్రీ. కాలిపోయిన మోటార్లకు కొత్త వైండింగ్ కట్టే చేతులవి. వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. గోళ్ళలో వార్నిష్ నల్లగా దిగబడి ఉంది. ఆ వేళ్ళతోనే ఆవగింజంత స్క్రూలు తీసి, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా సబ్బుపెట్టె మూతలో వరసగా పేరుస్తున్నాడు.

"మెల్లగా నాన్నా!" అని అరిచింది కూతురు.

"మెల్లగానే చేస్తున్నా. అరుస్తావేం?"

"అరవకపోతే నీకు వినపడదుగా!"

ఆ ఇంట్లో మాటలన్నీ అరుపులే. ఏళ్ళ తరబడి మోటార్ల హోరులో పనిచేసి మేస్త్రీ చెవులు సగం పోయాయి. అందుకని భార్య గొంతు పెంచింది. ఆమెను చూసి కూతురు పెంచింది. వాళ్ళింట్లో ఉప్పు అయిపోతే వీధి చివరిదాకా తెలుస్తుందని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. "మీ ఆయనకి గుట్టు చెప్పాలంటే మైకు కావాలే," అని ఎదురింటావిడ ఏడిపిస్తే, "గుట్టు సంగతి తర్వాత వదినా, ముందు పోట్లాటకే గొంతు చాలట్లేదు," అనేది భార్య.

ఆమె పోయాక ఇల్లు నోరు మూసుకుంది.

కొన్నాళ్ళు తలనొప్పి అంది. కళ్ళు తిరుగుతున్నాయంది. ఒకరోజు స్నానాల గది ముందు కుప్పకూలింది. చెవి వెనక, లోపల, నరం మీద గడ్డ ఉందన్నారు ఆస్పత్రిలో. బాగా ముదిరిపోయిందన్నారు. కోసి తీశారు. ఆమె కళ్ళు తెరవలేదు.

గడ్డ దానంతటది ఎందుకొస్తుంది? మేస్త్రీ దృష్టిలో దానికి కారణం ఈ ల్యాప్‌టాపే. దీన్ని తెచ్చి ఇచ్చింది బావమరిది. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లు కొని అమ్మడం అతని వ్యాపారం. రికార్డింగులు విని టైపు చేసే పని అక్కకు దొరికిందని తెలిసి, సంబరంగా మోసుకొచ్చాడు. తెచ్చిన కొన్నాళ్ళకే ఆమె మొదలెట్టింది. "ఏవండీ, ఎడమవైపు రావట్లేదు."

మేస్త్రీ హెడ్‌ఫోను వైరు మార్చాడు. ప్లగ్గు కొత్తది అతికాడు. "వస్తోందా?" అని అడిగాడు. రావట్లేదంది. హెడ్‌ఫోన్లే కొత్తవి కొన్నాడు. "వస్తోందా?" రావట్లేదంది. అయితే ల్యాప్‌టాప్‌లో ప్లగ్గు దూర్చే జాకే పోయిందని తేల్చేశాడు. విప్పుతానంటే, పని ఆగిపోతుందని ఆమె ఒప్పుకోలేదు. చివరికి ప్లగ్గును కాస్త వంచి, కదలకుండా రబ్బరుబ్యాండుతో కట్టాడు. ఆ కట్టు చెదరకుండా ఆమె మెడ ఓ పక్కకి వంచుకుని కూర్చునేది. ఆ వంపుతోనే తలనొప్పి వచ్చింది. తలనొప్పి ముదిరి గడ్డయింది. మేస్త్రీ ఇంతవరకూ వచ్చి ఆగాడు. ఇంకెవరి మాటా వినలేదు.

శవం ఇంట్లో ఉండగానే బావమరిదిని గుమ్మంలో ఆపేసి, "నీ చచ్చు సరుకే దాన్ని మింగేసింది," అన్నాడు. అక్క ముఖం కూడా సరిగా చూడనివ్వలేదు. ఆ తర్వాత అతని పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

రేపటినుంచి తల్లి చేసిన పనే కూతురు చేయబోతోంది, ఇదే ల్యాప్‌టాప్ మీద. బీరువాలో పెట్టి తాళం వేసినదాన్ని మేస్త్రీ ఇవాళే బయటికి తీశాడు. జాకు మార్చేదాకా ముట్టుకోవద్దన్నాడు. ఒకరు మెడ వంచి పోయింది చాలు.

"మీ మావయ్యకి ఫోన్ చెయ్యి," అన్నాడు స్క్రూ తిప్పుతూనే.

కూతురి ముఖం వెలిగింది. "నిజంగానా నాన్నా? రమ్మననా?"

"సంబరపడకు. పాత జాకు వాడి చేతిలో పెడతా. అక్కకి ఏం అంటగట్టాడో వాడి కళ్ళతో వాడే చూసుకోవాలి."

"ఆయన రోజూ ఏడుస్తున్నాడు నాన్నా. తోడబుట్టింది కదా."

"ఏడవనీ. ఆ మాత్రం పని చేతనైతే చాలు."

కూతురు ఫోన్ చేసింది. బావమరిది బయల్దేరుతున్నానన్నాడు.

అడుగు మూత ఊడొచ్చింది. జాకు లోపల ఓ మూలన, వేలెడంత బోర్డు మీద విడిగా ఉంది. సన్నటి పట్టీవైరు ఊడదీసి, రెండు స్క్రూలు విప్పి, పాతదాన్ని తీసి పక్కన పెట్టాడు. విడిభాగాల కొట్లో తెచ్చిన కొత్తదాన్ని ఆ చోట కూర్చోబెట్టాడు. మూత బిగించకుండానే ఆన్ చేశాడు. కూతురు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

"వస్తోందా?"

"రెండువైపులా! గణగణా వస్తోంది నాన్నా."

మేస్త్రీ నవ్వాడు. భార్య పోయాక అదే మొదటి నవ్వు. అది కూడా మంచి నవ్వు కాదు. "చూశావా? అప్పుడే విప్పనిచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేదా? రానీ వాణ్ణి. ముల్లుతో సహా చూపిస్తా."

ముల్లంటే అతని మీటరు ముల్లు. తన మోటార్ల కొట్లో ఎప్పటినుంచో వాడుతున్న పాత మీటరు అది. చెవులు నమ్మదగ్గవి కావు కాబట్టి ఏ పనికైనా ఆ ముల్లే అతనికి సాక్షి. తీగ ఎక్కడ తెగినా కదలదు, బాగుంటే చివరిదాకా వాలుతుంది. పాత జాకులో ప్లగ్గు దూర్చి, ఎడమ దారికి అటొకటి ఇటొకటి మీటరు మొనలు ఆనించాడు.

ముల్లు చివరిదాకా వాలింది.

మొనలు తుడిచి మళ్ళీ ఆనించాడు. మళ్ళీ వాలింది. కుడి దారి చూశాడు. అంతే. ప్లగ్గును కదిలించాడు, వంచాడు, నొక్కాడు. ముల్లు వణకను కూడా వణకలేదు.

"ఏమైంది నాన్నా?"

మేస్త్రీ మీటరు పక్కన పెట్టాడు. కొత్త బోర్డు పీకేసి పాతదే మళ్ళీ బిగించాడు. "పెట్టుకో."

"పాతది ఎందుకు?"

"పెట్టుకోమన్నానా?"

పెట్టుకుంది. కాసేపు విని, "రెండువైపులా వస్తోంది," అంది.

"సరిగ్గా విను."

"విన్నా నాన్నా. బాగానే వస్తోంది. విప్పి పెట్టినప్పుడు సర్దుకుందేమో."

"ముల్లు అలా చెప్పట్లేదు." హెడ్‌ఫోన్ల వైపు వేలు చూపించాడు. "తిప్పి పెట్టుకో."

"అమ్మలాగానా?"

"అమ్మలాగా ఏంటి?"

"అమ్మ తిప్పి పెట్టుకునేది కదా! నేను సెలవులకి ఇంటికొచ్చినప్పుడు చూశా. కుడిదాన్ని ఎడమకి, ఎడమదాన్ని కుడికి. 'ఎలా పెట్టుకున్నా ఈ పక్కే రాదేమే, ఇదేం జాకే తల్లీ,' అనేది. నీకు చెప్పలేదా?"

చెప్పింది. అన్నం తింటున్నప్పుడు చెప్పింది. "జాకు పోయిందన్నానుగా, మళ్ళీ మొదలెట్టకు," అని అతను మజ్జిగ పోసుకున్నాడు.

కొట్లో మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటిరోజు చెప్పే సంగతి ఒకటుంది. మోటారు సరిగా తిరగకపోతే ముందు తీగలు అటూ ఇటూ మార్చి కలిపి చూడాలి. జబ్బు తీగతో పాటు కదిలితే అది తీగది. ఎన్ని మార్చినా ఉన్నచోటే ఉంటే అది మోటారుది. ఇది బుర్రకెక్కనివాణ్ణి మేస్త్రీ కొట్లోంచి తరిమేసేవాడు.

ఆమె మార్చి చూసింది. ఉన్నచోటే ఉందని చెప్పింది.

ఇక ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. ఫోను ఎప్పుడూ కుడిచెవికే పెట్టుకునేది. భోజనాల దగ్గర చోటు మార్చి, ఎడమపక్క గోడ వచ్చేలా జరిగింది. ఫ్యాను గాలి పడక జరిగిందనుకున్నాడు. ఎడమపక్క నుంచి పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు. "పొగరా, పలకవేం?" అని కసిరాడు. అందరూ అరుచుకునే ఇంట్లో సగం చెవితో కూడా రోజులు గడిచిపోతాయి. కేకలన్నీ అతని కోసమే. ఆ కేకల చాటున ఆమె చెవి పోయింది.

ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు కూడా. "వినపడటం తగ్గిందని ఈమధ్య ఎప్పుడైనా అన్నారా?" ఆమెకు అప్పటికే తెలివి లేదు. జవాబు మేస్త్రీయే చెప్పాడు. "దాని చెవులకేం డాక్టరుగారూ, మా ఇంట్లో చెవిటివాణ్ణి నేను."

"నాన్నా, ఏంటలా చూస్తున్నావు?"

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. కూతురు తలెత్తితే మేస్త్రీ కూడా తలెత్తాడు. బావమరిది గడప ఇవతలికి రాలేదు. ఆ రోజు మేస్త్రీ ఆపేసిన చోటే నిలబడ్డాడు.

"రమ్మన్నావట బావా. జాకు సంగతేనా? అక్కకి ఇచ్చే ముందు నేనే పెట్టుకుని విన్నాను. ఒట్టు. చెడిపోయిందని తెలిస్తే ఇస్తానా?"

"లోపలికి రా."

వచ్చాడు. కూర్చోమనలేదు కాబట్టి నిలబడే ఉన్నాడు. మేస్త్రీ ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చూపించాడు.

"జాకు పోలేదు."

"మరి?"

"నీ సరుకు బాగానే ఉంది. వెళ్ళి నలుగురికీ చెప్పుకో."

"అవేం మాటలు బావా? అక్కే పోయాక సరుకు ఎలా ఉంటే ఏం?"

"ఎడమవైపు రావట్లేదు, రావట్లేదు అని అది చెబుతూనే ఉంది," అన్నాడు మేస్త్రీ. "తిప్పి చూసి మరీ చెప్పింది. నేను జాకు చూశాను."

బావమరిదికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కూతురికి ముందే అర్థమైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బావమరిది మెల్లగా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఊరుకో బావా. నీకేం తెలుసు? నువ్వేమన్నా డాక్టరువా?"

"ఆ మాట అనకు."

"అది కాదు బావా, తెలియక జరిగినదానికి..."

"తెలియకపోతే నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. నాకు తెలిసిన పనే అది. నాకు తెలిసింది అదొక్కటే."

మేస్త్రీ లేచాడు. కళ్ళు తుడుచుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళి, తలమీది హెడ్‌ఫోన్లు తీసి టేబులు మీద పెట్టాడు. ఆమెకు ఎడమపక్కన నిలబడ్డాడు. మొద్దుబారిన అరచేత్తో ఆమె కుడిచెవిని గట్టిగా మూశాడు. వంగి ఏదో అన్నాడు. గోడ దగ్గరున్న బావమరిదికి పెదాలు కదలడం తప్ప ఏమీ వినపడలేదు. ఆ ఇంట్లో అంత చిన్న గొంతు ఎప్పుడూ పలకలేదు.

"ఏమన్నాను?" అని అడిగాడు మేస్త్రీ.

"'వస్తోందా' అన్నావు," అంది కూతురు. ఏడుపు ఆగక, "వస్తోంది నాన్నా. వస్తోంది," అంది.

మేస్త్రీ చెయ్యి తియ్యలేదు. గొంతు ఇంకాస్త తగ్గించి మళ్ళీ అడిగాడు.