దిమ్మ తగలని చోటు

మోంతెక్రిస్తి కొండ పాదాన ఉన్న ఆ పల్లెలో ఆడవాళ్లు పొద్దు పొడవకముందే టోపీల మీదికి వంగుతారు. ఎండెక్కితే టోపీ నేసే గడ్డినార పెళుసుబారి పుటుక్కున తెగుతుంది. కొండ మీంచి మంచు దిగే వేళలోనూ మళ్లీ పొద్దువాలే వేళలోనూ మాత్రమే అది చెప్పిన మాట వింటుంది. మూడు కాళ్ల ఎత్తుపీట మీద గుండ్రటి కొయ్యదిమ్మ, దిమ్మ మీద టోపీ, టోపీ మీద బూరుగు దూది కూరిన చిన్న మెత్త, ఆ మెత్త మీద నేసేవాళ్ల ఛాతీ. అలా బరువంతా గుండె మీద వేసి, తల దించి, చేతులు కిందికి వేలాడేసి గంటల తరబడి నేస్తారు.

ఆ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి అద్దంలో తన అందం చూసుకుంటాడే గాని, అది ఎవరి గుండె మీద తయారైందో అడగడు. అతను అడగకపోతే మానె. ఆ గుండె గలవాళ్లు కూడా అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఈ కథ.

ఛాతీలో నొప్పి పుట్టినా, కమిలినా, గట్టిపడినా, గడ్డ కట్టినా ఆ ఊళ్లో దానికి ఒకటే పేరు, దిమ్మగడ్డ. మందు కూడా ఒకటే. కోకో వెన్న వెచ్చచేసి రాసి, మెత్తలో ఇంకాస్త దూది కూరి, మళ్లీ వంగడం. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పేరంటూ ఉంది కదా అని భయపడడం మాత్రం అందరూ మానేశారు.

నెరేయిదా ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆ మాట వందసార్లు విని ఉంటుంది. ఆమె అత్త మోన్సెరాతే ఇంటి ముందుగదిలోనే చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా వచ్చి నేసేవారు. మోన్సెరాతే చేతి టోపీ అంటే ఊరంతటికీ గౌరవం. దాన్ని చుట్టచుట్టి ఉంగరంలోంచి లాగవచ్చని చెప్పుకునేవారు. ఆ గదిలో ఆమె మాటకు తిరుగులేదు. అక్కడ మరో కట్టుబాటు ఉంది. ఒకరు మొదలుపెట్టిన టోపీ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఎవరి బిగువు వారిది. చెయ్యి మారిన చోట వరస తేలిపోయి గీతలా కనబడుతుంది. అలాంటి టోపీని వర్తకుడు పక్కకు తోసేస్తాడు.

ఒకనాడు స్నానం చేస్తుండగా నెరేయిదా వేళ్లకు ఎడమ చంక దగ్గర, రొమ్ము పక్కగా, చిక్కుడు గింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. నొక్కితే జారుతోంది. దిమ్మగడ్డేలే అనుకుని కోకో వెన్న రాసుకుని పడుకుంది. మర్నాడు పనికి వంగి ఛాతీని మెత్త మీద ఆనించగానే ఒక్క క్షణం ఆగిపోయింది. మెత్త ఛాతీ మధ్యలో, ఎముక మీద ఆనుతోంది. గడ్డ ఉన్న చోటేమో దిమ్మకు జానెడు దూరంలో గాలిలో ఉంది. ఇన్నేళ్లుగా నేస్తున్నా దిమ్మ ఒక్కనాడూ అక్కడ తగలలేదు.

అయితే ఇది దిమ్మగడ్డ కాదు.

దగ్గు మందు తెచ్చుకుంటానని ఇంట్లో చెప్పి, కింద రోడ్డు మీది ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడి నర్సు జెనోవేవా ఆ చుట్టుపక్కల పిల్లల్లో సగంమందికి బొడ్డు కోసిన మనిషి. ఆమె గడ్డను నెమ్మదిగా తడిమి చూసి, పట్నం ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. అక్కడ స్కానింగ్ తీశారు. సూది పెట్టి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి మూడు వారాలు పట్టవచ్చన్నారు.

ఆ మొదటి రోజులు ఎలా గడిచాయో నెరేయిదాకే తెలియాలి. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా చెయ్యి దానంతటదే చంక కిందికి పోయేది. పెరిగిందా, తగ్గిందా, గట్టిపడిందా అని తడిమేది. తడిమి తడిమి అక్కడ ఎర్రబడితే, చూశావా ఎర్రబడింది అని మళ్లీ హడలిపోయేది. నేతలో లెక్క తప్పేది. వంకర పోయిన వరసలు విప్పి మళ్లీ నేసేది. అవీ వంకర పోయేవి. ఆ తిప్పలు పడలేక మళ్లీ జెనోవేవా దగ్గరికి వెళ్లింది.

"ఇలాంటి గడ్డలు చాలామటుకు ఏమీ కావమ్మా," అంది జెనోవేవా. "కానీ ఏమీ కాదని చెప్పాల్సింది పరీక్ష. నేను కాదు, నువ్వు కాదు, మీ అత్త అసలే కాదు. ఫలితం వచ్చేదాకా దాన్ని తడమడం మానెయ్. నీ వేళ్లకి జవాబు తెలీదు కదా, ఊరికే వాటిని అడిగి ఏం లాభం?"

"మనసు ఊరుకోవట్లేదమ్మా."

"ఊరుకోదు. ఇంట్లో ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"అదీ సంగతి. గడ్డ చిక్కుడు గింజంతే ఉంది, నువ్వు మోసే బరువు మాత్రం బస్తాడుంది. ముందు దించుకో."

ఆమె భర్త ఉల్బియో పట్నానికి మూడుచక్రాల బండి నడుపుతాడు. ఆ సాయంత్రం అతను పొయ్యి దగ్గర పచ్చి అరటికాయ ముక్కలు వేయిస్తుంటే నెరేయిదా వెనకనుంచి సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. అతను తిరగలేదు. పెనంలో ముక్కలు మాడి వాసన వస్తున్నా గరిటె కదలలేదు. చివరికి పొయ్యి ఆర్పి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"నేనేం చెయ్యాలో చెప్పు," అన్నాడు. "ఏం చెయ్యాలో తెలీకపోతే నేను ఊరికే కంగారుపడతాను."

"ఊరికే కంగారుపడు," అంది నెరేయిదా. "ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే పడుతున్నాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఏడుపు కూడా వచ్చింది. తర్వాత ఆ మాడిన ముక్కలే ఉప్పు నంజుకుని తిన్నారు. ఆమె హాయిగా నిద్రపోయింది.

అత్తకు చెప్పాలంటే మాత్రం నోరు పెగల్లేదు. మోన్సెరాతే కఠినురాలేం కాదు. కానీ ఒంటి సంగతులు నలుగురిలో మాట్లాడడం ఆమెకు గిట్టదు. అయినా ఆమె కళ్లు గట్టివి. ఒకనాడు ఉదయం గదిలో అందరూ వంగి నేస్తుండగా కోడలి టోపీని పట్టి చూసి, నాలుగు వరసలు మళ్లీ విప్పినట్టుందే, నీ చేతికేమొచ్చిందని అడిగింది. నెరేయిదా ఇక దాచలేదు.

గదిలో అందరికంటే నోరున్న దియోసెలీనా తల ఎత్తకుండానే తేల్చేసింది. "దిమ్మగడ్డే. ఆ మాత్రానికి పట్నందాకా పరిగెత్తావా పిల్లా?"

మోన్సెరాతే కూడా మెత్తలో దూది పెంచమంది.

"దిమ్మ ఇక్కడ తగలదు అత్తయ్యా," అంది నెరేయిదా, చెయ్యి పైకెత్తి ఆ చోటు చూపిస్తూ. "మీరే చూడండి. ఎంత వంగినా తగలదు."

ఎవరికి వారు తమ మెత్త వంక ఒకసారి, తమ ఒంటి వంక ఒకసారి చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి వింటున్న మాట, దాన్ని ఎవరూ దిమ్మ దగ్గర పెట్టి సరిచూడలేదు. మోన్సెరాతే నార తడుపుకునే నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచింది. అవి అప్పటికే తడిగా ఉన్నాయి.

ఆ తర్వాత జరిగింది నెరేయిదా ఊహించనిది. తనను చూసి అందరూ జాలిపడతారనీ గుసగుసలు పోతారనీ అనుకుంది. గుసగుసలు కాసిని పోయారు కూడా, అది ఆపడం ఎవరి తరం? కానీ మర్నాడు దియోసెలీనా వేరుశనగ ముద్ద వేసి కాచిన చేపల పులుసు గిన్నెడు పట్టుకొచ్చింది. ఫలితానికి వెళ్లేటప్పుడు తన పచ్చగౌను వేసుకెళ్లమనీ, పట్నం డాక్టర్లు మంచి గౌను చూస్తేనే నోరు విప్పుతారనీ చెప్పింది. ఆ గౌనులో నెరేయిదాలాంటి వాళ్లు ఇద్దరు పడతారని ఇంకొకామె అంటే గదంతా నవ్వింది. సాయంత్రాలు పని ముగిశాక అందరూ కలిసి కొండ మలుపుదాకా నడిచేవారు. అక్కడినుంచి సముద్రం కనబడుతుంది. నెరేయిదా వరసలు మళ్లీ తిన్నగా రాసాగాయి.

భయం పోయిందని చెప్పను. ఒంటరిగా ఉన్నప్పుడు అది ఇల్లంతా తిరిగేది. ఇప్పుడు అందరి మధ్యా ఒక మూల ఒద్దికగా కూర్చుంది, అంతే. ఎదురుచూసే మనిషికి అదే కొండంత ధైర్యం.

మోన్సెరాతే ఒక్కతే ఆ నవ్వుల్లో కలవలేదు. ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరే పెరట్లో మొక్కజొన్న గింజలు ఒలుస్తుండగా, కండె మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"నీ గడ్డ నొప్పెడుతుందా?"

"లేదు అత్తయ్యా."

"పట్టుకుంటే కదులుతుందా?"

"కదులుతుంది."

మోన్సెరాతే ఆ కండె మొత్తం ఒలిచింది. "కదలకపోతే?" అంది చివరికి.

నెరేయిదా చెయ్యి ఆగిపోయింది. అత్త మెత్త ఈ మధ్య దిండంత లావైన సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. దూది ఎందుకంత కూరుతోందో ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

"మీకు ఎన్నాళ్లుగా ఉంది అత్తయ్యా?"

"టోపీ అయ్యాక చూపించుకుందామనుకున్నా."

"అది ఇప్పట్లో అవుతుందా? అంచు ఇప్పుడేగా మొదలుపెట్టారు."

"ఈ టోపీ కాదే," అంది మోన్సెరాతే. "దీనికి ముందు టోపీ."

నెరేయిదా గింజల పళ్లెం పక్కన పెట్టి అత్త చెయ్యి పట్టుకుంది. మోన్సెరాతే చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తోడుగా నాతో పట్నం రండి, మిగతాది అక్కడ చూద్దామని మాత్రం కోడలు అడిగింది. తోడుకైతే వస్తానంది అత్త.

ఫలితం రోజున ఉల్బియో ఇద్దరినీ బండిలో బస్సు దగ్గర దింపాడు. నెరేయిదా దియోసెలీనా పచ్చగౌనునే నడుము దగ్గర పిన్నులు పెట్టి బిగించి వేసుకుంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నంతసేపూ ఆమె ఒళ్లో అత్త చెయ్యి ఉంది. ఎవరు ఎవరికి తోడో చూసినవాళ్లకు తెలిసేది కాదు. పేరు పిలిచారు. డాక్టరు వయసులో చిన్నది. కాగితం చూసి నవ్వుతూ, ఇది పీచుగడ్డ, ప్రమాదం లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండు, అని చెప్పింది.

నెరేయిదా గౌను అంచుతో కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఎంత సంతోషంగా ఉందంటే ఆ డాక్టరమ్మను కావలించుకుందామనిపించింది. అంతలో పక్కనుంచి మోన్సెరాతే గొంతు సవరించుకుంది.

"నాది కూడా ఒకసారి చూడమ్మా. చూస్తే పోతుంది కదా."

చూశారు. అన్ని పరీక్షలూ చేశారు. ఈసారి గదిలో అందరికీ ఎదురుచూడడం ఎలాగో తెలుసు. పులుసు గిన్నెలు వచ్చాయి, కొండ మలుపుదాకా నడకలు సాగాయి. మోన్సెరాతే కూడా నడిచింది, మొదట్లో విసుక్కుంటూ, తర్వాత అందరికంటే ముందు. ఫలితం మాత్రం మంచిది కాలేదు. గడ్డ చెడ్డదే. అయితే ఇంకా ఎక్కడికీ పాకలేదనీ, వెంటనే ఆపరేషన్ చేస్తే బాగవుతుందన్న ఆశ గట్టిగా ఉందనీ డాక్టరు చెప్పింది.

"అంచు సగంలో ఉందమ్మా," అంది మోన్సెరాతే. ఆ టోపీ సంగతేమిటో డాక్టరుకు అర్థం కాలేదు. నెరేయిదాకు అయింది.

"ఆ అంచు నేను నేస్తాను."

"నీ చెయ్యి వేరే. గీత పడుతుంది."

"పడనివ్వండి అత్తయ్యా."

గీత పడింది. అందరి ముందూ నెరేయిదా అత్త దిమ్మ దగ్గర నిలబడి, అత్త ఆపిన చోటునుంచి అంచు పూర్తిచేసింది. వర్తకుడు టోపీని వెలుతురుకు పట్టి చూసి, పెదవి విరిచి తిరిగిచ్చేశాడు. ఎవరికీ చింత కలగలేదు. ఆపరేషన్ తర్వాత మందుల వేడికి మోన్సెరాతే జుట్టంతా రాలిపోయింది. ఆ బోడి నెత్తి మీదికి ఆ టోపీయే వచ్చి కూర్చుంది. జుట్టు మళ్లీ మొలిచినా ఆమె దాన్ని తీయలేదు. ఇప్పుడు ఆమె ఛాతీ దిమ్మ మీద ఆనించదు. కుర్చీలో కూర్చుని నార చీలుస్తుంది, అందరి వరసలకూ వంకలు పెడుతుంది, అరటికాయ ముక్కలు సరిగా వేగలేదని కొడుకును తిడుతుంది. ఇల్లు కళకళలాడుతోంది.

మొన్న ఒక ఉదయం దియోసెలీనా చాలాసేపు నేయకుండా నిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని చంక దగ్గర తడుముకుంది. మోన్సెరాతే చూసింది. ఏమిటని అడిగితే, ఏదో చిన్న గడ్డ వదినా, ఈ టోపీ అయిపోగానే వెళ్తాలే, అంది ఆ నోరున్న మనిషి మెల్లగా.

మోన్సెరాతే లేచి వెళ్లి తన నెత్తి మీది టోపీ తీసి ఆమె చేతిలో పెట్టింది. అంచు మీది గీతను వేలితో చూపించింది.

"ఇదిగో, ఇక్కడిదాకా నా చెయ్యి. ఇక్కడ ఆపి ఆసుపత్రికి పోయాను కాబట్టే ఇవాళ ఇది నా నెత్తి మీద ఉంది. టోపీని ఎవరి చేత్తోనైనా పూర్తి చేయించుకోవచ్చు దియోసెలీనా, నీ గడ్డ ఏమిటో తెలియాలంటే మాత్రం నువ్వే వెళ్లాలి. నడు, నీతో నేనూ వస్తాను."