ఆరో బంతి

కార్ఖానా వెనక మైదానంలో మళ్ళీ మ్యాచ్ పెడుతున్నారని తెలిసిన రోజు నుంచీ బ్రహ్మచారికి అన్నం సయించడం లేదు. బన్సీలాల్‌పేట్‌లోని వాళ్ళ ప్రెస్సుకీ, కార్ఖానాలోని మందుల గోడౌనుకీ మధ్య ఏటా చలికాలంలో జరిగే ఆట అది. మైదానానికి కంచె పడి ఒకసారి ఆగింది, తరవాత కరోనా వచ్చింది, ఆపైన ఎవరూ పట్టించుకోలేదు. పదకొండేళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు ప్రెస్సులో కొత్త మిషను నడిపే కిషన్, గోడౌనులో బిల్లులు కొట్టే నాగజ్యోతి పూనుకుని, కంచెకు గేటు తీయించి, మళ్ళీ మొదలుపెట్టారు.

"అంపైర్ నువ్వే కాకా," అన్నాడు కిషన్. "నీ లెక్కకు తిరుగులేదు. గోడౌనోళ్ళు సుత నువ్వే కావాలన్నరు."

బ్రహ్మచారి బాధ కూడా అదే.

ముప్ఫై నాలుగేళ్ళుగా అతను బైండింగ్ సెక్షన్‌లో ఉన్నాడు. కాగితాల కట్ట మూలను విసనకర్రలా విప్పి, వేళ్ళతో అయిదేసి చొప్పున లెక్కపెడతాడు. పక్కనుంచి ఎవరు పలకరించినా జవాబు చెబుతూనే ఉంటాడు, లెక్క మాత్రం తప్పదు. అతను కట్టిన కట్టను విప్పి మళ్ళీ లెక్కపెట్టినవాళ్ళు లేరు. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషికి ఆ పేరే పెద్ద డిగ్రీ.

ఆ పేరు వల్లే అప్పట్లోనూ అంపైరు అతనే. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! నాలుగున్నరకే మిషన్లు ఆపేసి, సిరా అంటిన చేతులు కిరోసిన్‌తో తుడుచుకుని, స్కూటరుకు ముగ్గురేసి ఎక్కి పోయేవాళ్ళు. మోండా మార్కెట్ నుంచి నిమ్మకాయల సంచీ వచ్చేది, బకెట్‌లో షర్బత్ కలిసేది. అచ్చు తప్పిన పెళ్ళికార్డుల వెనక స్కోరు రాసేవాళ్ళు. గోడౌను సూపర్‌వైజర్ వెంకటరత్నం బ్యాటుతో దిగాడంటే ప్రెస్సువాళ్ళు కూడా ఈలలు వేసేవాళ్ళు. భీమవరం మనిషి. టక్ చేసుకున్న చొక్కా నలగకుండా సిక్సులు కొట్టేవాడు.

చివరిసారి ఆడినప్పుడు పెళ్ళిళ్ళ సీజను. పొద్దున్నుంచీ వేలకొద్దీ కార్డులు లెక్కపెట్టి, ఆ చేతులతోనే మైదానానికి వచ్చాడు బ్రహ్మచారి. ఆఖరి ఓవరు. గోడౌను గెలవడానికి ఇంకా రెండు పరుగులు కావాలి. వెంకటరత్నం ఆడుతున్నాడు. బ్రహ్మచారి బంతికో వేలు మడుస్తూ వచ్చాడు. అయిదో వేలు మడవగానే పిడికిలి మూసుకుంది. నోరు దానంతటదే "ఓవర్" అంది.

"అయిపోయిందాండీ?" అన్నాడు వెంకటరత్నం.

"అయిపోయింది సార్."

బ్రహ్మచారి చెప్పాక ఇంకెవరు లెక్క చూస్తారు?

మర్నాడు బల్ల దగ్గర కార్డులు లెక్కపెడుతుంటే, అయిదు కాగానే అతని నోట మళ్ళీ "ఓవర్" అని వచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాడు. అప్పటికే కప్పు కటింగ్ మిషను పక్క అలమారాలో చేరింది, ఓనరు లడ్డూలు పంచాడు. వెంకటరత్నం మాత్రం ఆ తరవాత బ్యాటు ముట్టలేదని ఎవరో అన్నారు.

ఈ సాయంత్రం కొత్త మ్యాచ్‌కు ఆయన ఆడటానికి కాదు, చూడటానికి వచ్చాడు. మోకాలు నొప్పట. బౌండరీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. గోడౌను బ్యాటింగు అయిపోయి అందరూ టీలకు లేవగానే, బ్రహ్మచారి ఆయన దగ్గరికి నడిచాడు.

"రండి బ్రహ్మచారి గారూ! బొత్తిగా నల్లపూసైపోయారేంటండీ?"

"సార్, జెర ఒక మాట. ఆ ఆఖరి మ్యాచ్‌ల లాస్ట్ ఓవర్ అయిదు బాల్సే పడ్డయ్. కార్డులు లెక్కపెట్టిన చెయ్యి, అయిదుకే బంద్ చేసిన. తెల్లారి ఎరుకైంది. చెప్పలేకపోయిన."

వెంకటరత్నం ముఖంలో నవ్వు పోయింది.

"పదకొండేళ్ళండీ," అన్నాడు. "మా గోడౌన్లో నన్ను రెండు పరుగుల రత్నం అంటారు, తెలుసా? నిన్న చేరినవాడు కూడా అంటాడు. ఒక బంతి తగ్గిందేమోనని నాకప్పుడే అనిపించింది. బ్రహ్మచారి గారు తప్పు లెక్కపెడతారా అని నన్ను నేనే కసురుకున్నాను."

టీలు తాగుతున్నవాళ్ళ వైపు వెంకటరత్నం చెయ్యి చూపించాడు.

"నాకొక్కడికి చెప్తే ఏం లాభం? వాళ్ళందరికీ చెప్పండి."

బ్రహ్మచారి పిచ్ మధ్యకు పోయి చెప్పాడు. బైండింగ్ సెక్షన్ దాటి ఎన్నడూ వినపడని గొంతు అది. రెండు జట్లూ దగ్గరికి వచ్చి వినాల్సి వచ్చింది.

"ఏందీ! నువ్వా కాకా?" అన్నాడు కిషన్. "ఆ కప్పు నేను వారం వారం తుడుస్తున్న!"

ఎవరో నవ్వారు. బ్రహ్మచారి చెవులు వేడెక్కాయి.

"అయితే మా సార్‌కి ఒక బంతి రావాలి," అంది నాగజ్యోతి. "ఇప్పుడే వెయ్యండి. రెండు కొడితే కప్పు మాది. సార్ బదులు నేను ఉరుకుతా."

వెంకటరత్నం వద్దు వద్దంటూనే ప్యాంటు మడిచాడు. కుంటుతూ వచ్చి బ్యాటు పట్టుకున్నాడు. కిషన్‌కు ఆయన్ను చూస్తే పాపం అనిపించింది. నాలుగడుగులు నడిచి, బంతిని మెత్తగా ఎత్తి వేశాడు. అది వికెట్ల పక్కనుంచి తీరిగ్గా పోయింది. వెంకటరత్నం బ్యాటు కూడా కదపలేదు.

"ఏంటయ్యా అది, ప్రసాదం పెడుతున్నావా? సరిగ్గా వెయ్యి. మళ్ళీ!"

"సారీ సార్, ఈసారి జోరుగా వేస్తా," అంటూ కిషన్ బంతి అందుకున్నాడు.

అందరూ అంపైరు వైపు చూశారు. ఇంకొకటి వేయించినా కాదనేవాడు లేడు. వేయించాలనే బ్రహ్మచారికీ ఉంది. కానీ అతని కుడిచేతి వేళ్ళు అయిదూ మడిచి ఉన్నాయి, ఎడమచేతి బొటనవేలు కూడా మడిచి ఉంది.

"ఓవర్," అన్నాడు.

"కాకా! జెరంత రహమ్ లేదా నీకు?" అని బతిమాలాడు కిషన్.

వెంకటరత్నం అతన్ని గుడ్లురిమి చూశాడు. "నిజంగా ఆరేనాండీ?"

"ఆరే సార్. ఒక్క రన్‌తోని ఓడిన్రు."

ఆయన బ్యాటు మీద వాలి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. "సరే. ఓడాం. వచ్చే ఏడు ఓపెనింగ్ నేనే. ఒరేయ్ కిషనూ, అప్పటికి బౌలింగ్ నేర్చుకో."

వెలుతురు తగ్గుతోంది. బ్రహ్మచారి ప్రెస్సువాళ్ళను బ్యాటింగుకు పిలిచాడు. మొదటి బంతి పడగానే మైదానమంతా ఒక్కటై "ఒకటీ!" అని అరిచింది. అతని సెక్షన్ వాళ్ళే ఎక్కువ గట్టిగా అరుస్తున్నారు. కుర్చీలోంచి వెంకటరత్నం వేలు ఎత్తి మరీ చూపిస్తున్నాడు.

"సరిగ్గ అరవుండ్రి," అన్నాడు బ్రహ్మచారి, నవ్వు ఆపుకోలేక. "నాకు ఇనవడాలె."