బావ విన్న పలక

పెద్ద వరదకి వంతెన కొట్టుకుపోయిన తరవాత రెండో ఏడు. అప్పుడు నేను రికార్డింగు హాల్లో మైనపు పలకలు వెచ్చబెట్టేవాణ్ణి. వాయించింది ఆ పలకల మీద గీతలుగా పడేది. పనికిరానివాటిని మళ్ళీ నున్నగా చెక్కడం కూడా నా పనే.

అక్కడ పియానో శ్రుతి చేసేది మా అక్క మొగుడు. ఆ ఏడు ఒక పెద్దావిడ వచ్చి, నలభైమంది వాద్యగాళ్ళతో కలిసి పియానో కాన్చెర్టో వాయించింది. నెమ్మదిగా సాగే నడిమి భాగం రెండుసార్లు పట్టారు. మొదటిది బాగా వచ్చింది. రెండోసారి పియానోలో ఒక తీగ శ్రుతి జారింది. మొదటిదే రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీకి పంపమన్నారు. ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

బావకి అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. పక్కగదిలో దగ్గుతూనే తీగ జారడం విన్నాడు. మంచం పట్టాక అదే ధ్యాస.

“ఒరేయ్ మూగోడా, రికార్డులో నా తీగ జారిందా?”

“మంచిదే పంపుతున్నారు బావా.”

“నీ నోట్లోంచి మూడు మాటలొచ్చాయంటే అబద్ధమే. నాకు వినిపించు.”

“ఆ నోటికి మాత్రం జబ్బు రాలేదు,” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

ఫ్యాక్టరీ పెట్టె సోమవారం వెళ్ళాలి. ఆదివారం మధ్యాహ్నం హాల్లో ఎవరూ ఉండరు. అక్కా నేనూ చెరోపక్క పట్టుకుని తీసుకెళ్ళాం. మైనం మెత్తన. ముల్లు పెట్టి ఒక్కసారి వింటే చాలు, గీతలు అరిగిపోయి అచ్చుకి పనికిరాదు. అది బావకీ తెలుసు.

“మంచిదాన్ని ముట్టుకోకు. చెక్కేసేదే పెట్టు. ఎంత జారిందో వింటా,” అన్నాడు.

చెక్కేసేది చేతిలోకి తీసుకున్నాను. బావ మొహం చూశాను. దాన్ని పక్కన పెట్టి, మంచిదే పెట్టాను.

కళ్ళు మూసుకుని, నా మణికట్టు పట్టుకుని విన్నాడు. ఆ స్వరం వచ్చినప్పుడు పట్టు బిగిసింది. తరవాత వదులైంది.

“జారలేదురా. నా చెవే పోయింది,” అన్నాడు. నవ్వాడు కూడా. ఆ వారమే పోయాడు.

ఆ రికార్డు చరిత్రలో నిలిచిపోయిందంటారు. ఇప్పటికీ కొంటున్నారు. నడిమి భాగంలో ఒక స్వరం కిందికి దిగుతుంది. శ్రుతి చేసినవాడు చెవిటివాడా అని నా ముందే నవ్వినవాళ్ళున్నారు.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు పనిలోకి వెళ్ళాను. రెండు పలకల చీటీలూ మార్చాను. తీగ జారినదాన్ని ఫ్యాక్టరీ పెట్టెలో సర్దాను. బావ విన్నదాన్ని యంత్రం మీద పెట్టి, నున్నగా చెక్కేసి, కింద రాలిన మైనం ఊడ్చాను.